తలకి నూనె రాసుకున్న రోజు

నున్నగా నూనె రాసి, పాపిడి తీసి దువ్విన తల కనిపిస్తే నాకు భయం. నవ్వుతారని ఎవరికీ చెప్పను. మొన్న టొరంటో పక్కన మా రిచ్‌మండ్ హిల్‌లో ఆఫీసు ట్రైన్ ఎక్కితే నా ముందు సీట్లో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఏ దేశం మనిషో తెలీదు, వెనక నుంచి తల మాత్రమే కనిపిస్తోంది. కొబ్బరినూనె వాసన వచ్చింది. అంతే, నా అరచేతులకి చెమటలు పట్టేశాయి. ఆయన భుజాలు లేచి పడుతున్నాయా లేదా, ఊపిరి సరిగా ఆడుతోందా లేదా అని కళ్ళప్పగించి చూస్తూ కూర్చున్నాను. ఆయన తన స్టేషన్లో లేచి, బ్యాగు సర్దుకుని, హాయిగా దిగిపోయాక గాని నేను కుదుటపడలేదు. ఆ పూట ఆఫీసులో ఒక్క పనీ చేయలేదు.

ఈ భయం నాకు అంటించిన మనిషి ఇప్పుడు లేరు. నేనాయన్ని అంకుల్ అనేవాణ్ణి. బాపట్ల దగ్గర పుట్టి, ఒషావా కార్ల ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ లైన్ మీద నిలబడి రిటైరైన మనిషి. చర్చిలో పెద్ద. ఇంతకు మించి ఆయన చరిత్ర నాకు తెలీదు, అడగలేదు కూడా. మా ఇద్దరికీ మధ్య ఉన్నది గోల్ఫ్ ఒక్కటే. పరిచయం కూడా దాంతోనే. డ్రైవింగ్ రేంజ్‌లో నేను ఒకపక్క బంతులు కొట్టే ప్రాక్టీసు చేస్తుంటే, పక్క గడిలోంచి "ఆగమ్మా, ఆగు తల్లీ, ఆగూ" అని తెలుగు వినిపించింది. అర్థమయ్యేవాళ్ళు ఎవరూ లేరనుకుని బంతిని బతిమాలుకుంటున్నారు. "ఆగదండీ" అన్నాను నేను. ఆయన ఉలిక్కిపడి, నన్ను పైనుంచి కిందదాకా చూసి, "ఆగదని నాకూ తెలుసు, అడగటం మన ధర్మం" అన్నారు.

గోల్ఫ్‌కి వచ్చినా, చర్చికి వెళ్ళినా ఆయనది ఒకటే వేషం. తెల్ల చొక్కా, మెడదాకా గుండీలు, ఎండాకాలంలో కూడా మణికట్టు దాకా చేతులు. బంతి కొట్టే క్లబ్బుల పిడులకి నల్ల టేపు తనే చుట్టుకునేవారు. మామూలు గోల్ఫ్ కోర్సులంటే చిన్నచూపు. ఫౌంటెన్లూ, బాతులూ, నున్నగా కత్తిరించిన గడ్డీ ఉన్న చోటికి తీసుకెళ్తే "ఇది పెళ్ళిపందిరి అబ్బాయ్, కోర్సు కాదు" అనేవారు. ఆయనకి కావలసింది హీత్‌ల్యాండ్. అంటే ఇసుక నేల, దాని నిండా హెదర్ అనే మోకాలెత్తు పొదలు, వేసవి చివర్లో వాటికి ఊదారంగు పూలు, మధ్యమధ్య ముళ్ళకంపలు, ఆపకుండా గాలి. పెద్ద చెట్లుండవు, చెరువులుండవు. ఇంగ్లండు వాళ్ళ పాత పద్ధతి అది. ఆ పద్ధతిలో ఎప్పుడో వేసిన కోర్సులు కెనడాలో అక్కడక్కడా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే వెతికి పట్టుకుని, ప్రతి వేసవిలో నన్ను వెంటేసుకుని వెళ్ళేవారు.

"ఏముందంకుల్ ఈ తుప్పల్లో" అంటే నవ్వేవారు.

"ఏమీ లేదు, అదేగా దీని గొప్ప. మా ఊరి ఇసక దిబ్బలు ఇట్టాగే ఉండేయి. ఏమీ పండదు, ఎవుడికీ అక్కర్లేదు. అక్కర్లేని నేల మీద నుంచుంటే దేవుడు పక్కనే ఉన్నట్టుంటది."

హెదర్‌లో బంతి పడిందంటే మామూలు మనిషి మర్చిపోతాడు. ఆయన మర్చిపోరు. వెతకడానికి రూల్ ప్రకారం మూడు నిమిషాలే. మూడు నిమిషాలు కాగానే గడియారం చూసుకుని, తన మీద జరిమానా దెబ్బ వేసుకుని, మళ్ళీ వెతుకుతూ ఉండేవారు. "లెక్క లెక్కే, వెతుకుడు వెతుకుడే" అనేవారు. వెనక ఆడేవాళ్ళకి దారిచ్చి మరీ వెతికేవారు. ఇక నిజాయితీ సంగతి చెబితే నమ్మరు. ఒకసారి పొదల మధ్య క్లబ్బు ఆనించేసరికి బంతి అరంగుళం కదిలిందట. నేను అల్లంత దూరంలో ఉన్నాను, చుట్టుపక్కల పురుగు లేదు. తనే వచ్చి "నా మీద ఒకటి ఎక్కువెయ్యి" అన్నారు. గోల్ఫ్‌లో దెబ్బలు తక్కువైనవాడిదే గెలుపు, ఆ ఒక్కదాంతో ఆ రోజు నా చేతిలో ఓడిపోయారు కూడా. నేను మొహమాటానికి వద్దన్నా వినలేదు.

తిండి ముందు ప్రార్థన తప్పదు. పార్కింగ్ లాట్‌లో, కారు బానెట్ మీద సాండ్‌విచ్‌లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని మొదలుపెట్టేవారు. నా కాఫీ చల్లారిపోయేది. ఎవరి కోసం అడిగినా పేరు పెట్టి, సంగతి చెప్పి అడిగేవారు. ఫలానా మేరీ గారి కుడి మోకాలు, కాలేజీలో చదివే ఫలానా కుర్రాడి వర్క్ పర్మిట్, మా మేనేజర్ నోరు. అందరినీ కలిపి ఒక్కసారి అడిగేస్తే సరిపోదా అని అడిగాను. "అడ్రస్ రాయకుండా పార్శిల్ వేస్తావా నువ్వు?" అన్నారు. మాది నల్గొండ వైపు, మా ఇంట్లో సత్యనారాయణ వ్రతాలు. అయినా వినీ వినీ ఆయన ప్రార్థన మొదలూ చివరా నాకు నోటికొచ్చేశాయి. చివరి మాట నేనే ముందు అనేసి సాండ్‌విచ్ అందుకునేవాణ్ణి.

నూనె సంగతి నాకు టొరంటోకి ఉత్తరాన ఒక కోర్సులో తెలిసింది. ఆయన జుట్టు ఎప్పుడూ పొడిగా, గాలికి ఎగురుతూ ఉంటుంది. ఆ రోజు మాత్రం నూనె కారుతూ, పాపిడి తీసి ఉంది. "ఏంటంకుల్, కొత్త పెళ్ళికొడుకులా" అని ఏడిపించాను. ఆ రోజంతా ఆయన మామూలు కంటే ఎక్కువ జోకులేశారు. సాండ్‌విచ్ మాత్రం విప్పలేదు, తర్వాత తింటానని నాకే ఇచ్చేశారు. పొద్దుగూకాక కారు దగ్గర నిలబడి ప్రార్థన చేసి, ద్రాక్షరసం డబ్బా తెరిచి తాగాక అప్పుడు చెప్పారు, ఆ రోజు ఉపవాసమని.

"చెప్పొచ్చుగా అంకుల్."

"చెప్పకూడదు. ఉపవాసం ఉన్నోడు ఉన్నట్టు కనపడకూడదు. మొహం వేలాడేసుకుని తిరిగితే అది మనుషుల కోసం చేసినట్టు. అందుకే తలకి నూనె రాసుకుని నవ్వుతా తిరగాలి. నీకు ఇప్పుడు చెప్పానంటే అయిపోయింది కాబట్టి."

అప్పుడది నాకు ముద్దుగా అనిపించింది. ఆ తర్వాత ఆయనకి షుగర్ ముదిరి ఇన్సులిన్ మొదలైంది. డాక్టర్ ఉపవాసాలు వద్దన్నాడు, వాళ్ళ పాస్టరు గారు కూడా వద్దన్నారు. ఒకసారి ఆయన్ని ఎక్కించుకోడానికి ఒషావా వెళ్తే, ఆంటీ గుమ్మం దిగి నా కారు దాకా వచ్చి మెల్లగా చెప్పింది.

"ఈయన నా మాట వినరు బాబూ. ట్రిప్పుల్లో నీ కళ్ళెదురుగా తినిపించు. తలకి నూనె కనపడిందంటే మాత్రం నాకు ఫోన్ చెయ్యి."

అప్పటి నుంచి పొద్దున్నే ఆయన తల వంక చూడటం నాకు అలవాటైంది.

తూర్పు సముద్రపు ఒడ్డున ఉన్న నోవా స్కోషియాకి ట్రిప్పు వచ్చేనాటికి నాకు చూసుకోవలసిన భయం ఇంకోటి ఉంది. నా భార్య సుజాతకి ఎడమ రొమ్ములో గడ్డ కనబడింది. క్యాన్సరేమోనని సూదితో ముక్క తీసి బయాప్సీకి పంపారు. రిపోర్టు రావాలి. నేను టికెట్ క్యాన్సిల్ చేస్తానంటే ఒప్పుకోలేదు. "ఇంట్ల ఉండి ఏం చేస్తవ్? నా మొకం చూస్కుంట కూసుంటవ్. నీ భయం చూసి నాకు భయమైతది. పో" అని బట్టలు తనే సర్దింది. నేను పిరికివాణ్ణని ఆమెకి పెళ్ళైన కొత్తలోనే తెలుసు. నేను విమానం కుదిపితే కూడా కళ్ళు మూసుకునే రకం.

హాలిఫాక్స్‌లో దిగి, అద్దెకారు తీసుకుని ఊరు దాటాక అంకుల్‌కి చెప్పాను. ఇంకెవరికీ చెప్పలేదు అప్పటికి. ఆయన ధైర్యం చెబుతారనుకున్నాను. ఏమీ చెప్పలేదు. చాలాసేపు రోడ్డు చూసి, "ఏ వైపు?" అన్నారు. ఎడమ వైపని చెప్పాను. "డాక్టర్ ఎప్పుడు చెప్తానన్నాడు?" అన్నారు. ఎల్లుండి అన్నాను. అంతే, ఆ రెండు ప్రశ్నలే. దానికి నా మనసు కొంచెం చివుక్కుమంది.

మర్నాడు పొద్దున లేచేసరికి మంచు. ఆ సముద్రపు ఒడ్డున వేసవిలో కూడా పొగమంచు దిగుతుంది. చలిగా ఉందని అంకుల్ చెవుల దాకా ఉన్ని టోపీ లాక్కుని వచ్చారు. మోటెల్ బ్రేక్‌ఫాస్ట్ దగ్గర ఒక మఫిన్ తీసుకుని, టిష్యూలో చుట్టి జేబులో పెట్టుకున్నారు.

"తినరా?"

"తర్వాత ఆకలేస్తది, అప్పుడు."

"సూది వేసుకున్నారా?"

"వేసుకున్నా."

ఆయన అబద్ధమాడరు. నాకది చాలనిపించింది. సూది మందే గాని ఆహారం కాదని, అది వేసుకుంటే ఉపవాసం చెడదని ఆయన లెక్క వేసుకుని ఉంటారని నాకెలా తడుతుంది? ఇన్సులిన్ వేసుకున్నవాడు తినకపోతే ఏమవుతుందో తెలిసిన మనిషే. భక్తిలో పడితే ఆ తెలివి ఎటు పోతుందో నాకిప్పటికీ అర్థం కాదు.

కోర్సు మొదట్లో మంచు పల్చగానే ఉంది. ఊదా పొదల మీద నీటి బిందువులు, తడి ఇసుక వాసన. అంకుల్ అద్భుతంగా ఆడారు. నాలుగైదు హోల్స్ దాకా ఒక్క తప్పు దెబ్బ లేదు. అటు తర్వాత ఏదో తేడా వచ్చింది. నేను కొట్టిన చెత్త దెబ్బకి అవసరానికి మించి నవ్వారు. నవ్వు ఆగలేదు. స్కోరు అడిగితే, ఎప్పుడూ తడుముకోని మనిషి, "ఇది మనం ఆడేసిందేగా?" అన్నారు. అంత చలిలో ఆయన పైపెదవి మీద చెమట మెరుస్తోంది. వయసు మీద పడుతోంది పాపం అనుకున్నాను. ఆయన తర్వాతి బంతి కుడివైపు హెదర్‌లోకి పోయింది. క్లబ్బుల బ్యాగు పెట్టిన చక్రాల బండి లాక్కుంటూ వెతకడానికి ఆయన అటు వెళ్ళారు. నా బంతి ఎడమవైపు చక్కగా గడ్డి మీదే పడింది. నేనిటు నడిచాను.

బంతి దగ్గరికి చేరి వెనక్కి చూస్తే అంకుల్ లేరు. అసలు కుడివైపే లేదు. మంచు చిక్కబడి అంతా తెల్లగా అయిపోయింది. నా బూట్లు కనిపిస్తున్నాయి, బంతి కనిపిస్తోంది, జెండా లేదు, దారి లేదు.

"అంకుల్" అని పిలిచాను. జవాబు రాలేదు. ఎప్పుడూ "ఆఁ, ఇక్కడే" అనే మనిషి. గట్టిగా పిలిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. బ్యాగు అక్కడే వదిలేసి, అందులోని ఆరెంజ్ జ్యూస్ బాటిల్ మాత్రం ఎందుకో చేతిలోకి తీసుకుని, పొదల్లోకి దిగాను. హెదర్ చూడటానికి మెత్తగా ఉంటుంది గాని దిగితే కాళ్ళని పట్టుకుంటుంది. నాలుగడుగులు వేస్తే ఒకసారి తూలాను. ముళ్ళకంప మోచేతిని చీరేసింది. కనపడని ఇసుక గోతిలో మోకాళ్ళ మీద పడి లేచాను. ఎక్కడో దూరంగా సముద్రం మీద ఓడ కూత వేసింది, మళ్ళీ నిశ్శబ్దం. నాకు ఆంటీ మొహం గుర్తొచ్చింది. ఆ వెంటనే సుజాత గుర్తొచ్చింది. రెండు భయాలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, ఎవరి కోసం వణుకుతున్నానో నాకే తెలీలేదు. ఎవరో ఒకరు ఈ రెండు రోజుల్లో నా చేతుల్లోంచి పోతారని మాత్రం గట్టిగా అనిపించింది.

మొదట బండి కనిపించింది. ఒంటరిగా నిలబడి ఉంది. ఇంకాస్త ముందుకెళ్తే పొద మీద ఉన్ని టోపీ. తీసి చూశాను. లోపలి భాగం తడిగా, జిడ్డుగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కొబ్బరినూనె.

టోపీ, మఫిన్, సూది, చెమట, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. పరిగెత్తబోయి పడ్డాను. పడిన చోట నుంచి చప్పుడు వినిపించింది. కొమ్మలు నరుకుతున్నట్టు, చటుక్ చటుక్ అని.

అంకుల్ మోకాలెత్తు పొదల మధ్య నిలబడి ఇనుప క్లబ్బుతో హెదర్‌ని కొడుతున్నారు. బంతి లేదు, ఏమీ లేదు. నున్నగా దువ్విన తల మెరుస్తోంది. మొహం సున్నం కొట్టినట్టుంది. నన్ను చూశారు. ఆ చూపులో నేను లేను.

"ఎవరయ్యా నువ్వు?"

"నేనే అంకుల్. జ్యూస్ తాగండి, షుగర్ పడిపోయింది మీకు."

"పో అవతలకి." క్లబ్బు భుజం మీదికి ఎత్తారు. చీమని కూడా పక్కకి తప్పించి నడిచే మనిషి నన్ను కొట్టడానికి సిద్ధంగా ఉన్నారు.

వెనక్కి జరిగి 911కి ఫోన్ చేశాను. అదృష్టం, సిగ్నల్ ఉంది. అవతల అమ్మాయి ప్రశాంతంగా, మింగగలిగితే తియ్యటిది ఏదైనా ఇవ్వమంది, అంబులెన్స్ బయల్దేరుతోందంది. ఇవ్వాలని నాకూ తెలుసు. ఎలా ఇవ్వాలో తెలీదు. బాటిల్ మూత తీసి చెయ్యి చాపాను. ఆయన తూలుతున్నారు, ఇంకాసేపట్లో పడిపోతారు. పడిపోతే మింగలేరు.

"పొద్దుగూకలా" అన్నారు. "ప్రార్థన కాకుండా నోట్లో ఏం పెట్టను."

"అయితే ప్రార్థన చేద్దాం అంకుల్."

క్లబ్బు గాల్లోనే ఆగింది. "నువ్వు చేస్తావా?"

"చేస్తాను."

ఆయన నా వంక అనుమానంగా చూసి, క్లబ్బు కింద పడేసి, తడి పొదల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడించారు. నేనెవరో తెలీదు, తనెక్కడున్నారో తెలీదు. ప్రార్థన అనగానే ఒళ్ళు దానంతటదే మోకరించింది. నేనూ ఎదురుగా కూర్చున్నాను.

"ప్రేమగల తండ్రీ" అన్నాను. పార్కింగ్ లాట్లలో అన్నిసార్లు విన్న మాటలు ఒక్కటీ గుర్తు రావడం లేదు. "కృపగల దేవా. ఈ ఉపవాసాన్ని... ఈ ఉపవాసాన్ని..."

"అంగీకరించుమని" అని అందించారు ఆయన, కళ్ళు మూసుకునే. 

"అంగీకరించుమని వేడుకుంటున్నాము తండ్రీ. ఇంతటితో..."

"ఉండు. ఎవరి కోసమో చెప్పవా? పేరు పెట్టు."

"ఎవరి పేరు అంకుల్?"

ఆయన విసుక్కున్నారు. నాలుక తడబడుతోంది, మాట మాత్రం తప్పలేదు. "సుజాత. ఎడమ వైపు. రిపోర్టు రేపు. దాని మొగుడు పిరికోడు, ఆడిక్కాస్త ధైర్యం ఇమ్మని కూడా అడుగు."

ఏడుస్తూ కూర్చోడానికి వీల్లేదు, ఆయన ఒక పక్కకి ఒరుగుతున్నారు. పేరు పెట్టి అడిగాను. ఎడమ వైపని చెప్పాను. రేపని చెప్పాను. పిరికివాడి సంగతి కూడా అడిగాను. అడిగి పొందుకున్నామని నమ్ముచున్నాము తండ్రీ అని ముగించాను. "ఆమెన్" అని నాకంటే ముందు ఆయనే అన్నారు. నోరు తెరిచారు. బాటిల్ ఆయన పళ్ళకి తగిలి టకటకలాడింది. సగం చొక్కా మీద పోయినా సగం లోపలికి పోయింది. ఆయన జేబులో మఫిన్ నలిగి పొడైపోయింది. ఆ పొడే చిటికెడు చిటికెడు నోట్లో పెట్టాను.

ఎంతసేపో అలా ఆయన వీపు పట్టుకుని కూర్చున్నాను. మెల్లగా ఆయన కళ్ళలోకి నేను తిరిగి వచ్చాను.

"ఏంటబ్బాయ్, తడిలో కూర్చున్నావు? జలుబు చేస్తది" అన్నారు.

అప్పుడు ఏడ్చాను. పెద్దగానే ఏడ్చాను. కోర్సు వాళ్ళు హారన్ మోగించుకుంటూ, అంబులెన్స్ వాళ్ళని వెంటబెట్టుకుని మమ్మల్ని కనుక్కునేసరికి, ఎవరిని స్ట్రెచర్ ఎక్కించాలో వాళ్ళకి ఒక క్షణం తెలీలేదు.

ఆయన ఆ రోజు పోలేదు. ఆ తర్వాత ఇంకా కొన్ని వేసవులు ఆడి, చివరికి ఒషావాలో తన మంచం మీద నిద్రలోనే పోయారు. కానీ ఆయన్ని తలుచుకుంటే నాకు ఆ మంచం గుర్తు రాదు, ఆ సాయంత్రమూ ఆ మర్నాడూ గుర్తొస్తాయి.

ఆసుపత్రిలో షుగర్ సరిచేసి, చివాట్లు పెట్టి, సాయంత్రానికి పంపించేశారు. మోటెల్‌కి వస్తూ దారిలో అడిగారు. "ఎవరు ముగించారు ప్రార్థన?"

"నేనే."

"పొద్దుగూకిందా అప్పటికి?"

"లేదంకుల్. ఇంకా మధ్యాహ్నం కాలేదు."

నేను పక్కకి చూస్తే, అంతకు ముందు ఎన్నడూ ఆయన మొహంలో చూడనిది కనిపించింది. ఆయన భయపడుతున్నారు. తన ప్రాణం గురించి కాదు. బంతి అరంగుళం కదిలితే తన మీద ఒక దెబ్బ వేసుకునే మనిషి, మధ్యలో తెగిన ఉపవాసాన్ని ఏ లెక్కలో వేసుకోవాలో తెలీక భయపడుతున్నారు. ధైర్యవంతుడనుకున్న మనిషి పక్కన కూర్చుని అలా చేతులు నలుపుకుంటుంటే నాకున్న కాస్త ధైర్యం కూడా పోయింది.

మర్నాడు ఆలస్యంగా లేచాం. బ్రేక్‌ఫాస్ట్ దగ్గర నేనే ఆయన ప్లేటులో రెండు టోస్టులూ, గుడ్డూ వడ్డించాను. ఆయన ముట్టుకోలేదు.

"ఈ రోజు సూది వేసుకోలేదులే. సాయంత్రం దాకా ఉంటా. నిన్నటిది పూర్తి చెయ్యాలిగా" అన్నారు.

నాకు కోపం వచ్చింది. ఏమన్నానో సరిగా గుర్తులేదు, పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. అప్పుడే ఫోన్ మోగింది. సుజాత.

"చెప్పిన్రు" అంది. "ఉందట. చిన్నదే అంటున్నరు. ఆపరేషన్ చేసి తీస్తరట."

ఆ రోజు తన గొంతు ఎలా ఉందో గుర్తులేదంటుంది సుజాత. నాకు గుర్తుంది. కూరగాయల లిస్టు చదువుతున్నట్టు ఉంది. అంకుల్ నా మొహం చూశారు. ప్లేటు అవతలికి నెట్టేశారు.

"నా వల్లే" అన్నారు. "నేను తాగకుండా ఉండాల్సింది. సగంలో తెంచేశా."

"ఎవరది? అంకులేనా?" అంది సుజాత. "ఏమంటున్నరు?"

చెప్పాను. ఉపవాసం, సూది, పొదలు, ప్రార్థన, ఇప్పుడు ఎదురుగా ముట్టని ప్లేటు, అన్నీ రెండు ముక్కల్లో చెప్పాను.

"స్పీకర్ పెట్టు" అంది.

ఫోన్ బల్ల మీద ఆయన ముందు పెట్టాను.

"అంకుల్."

"అమ్మా."

"గడ్డ నెల కిందనే ఉన్నది. ముక్క తీసింది పోయిన వారం. నిన్న మీరు జ్యూస్ తాగితే పుట్టింది కాదు."

ఆయన తను నెట్టేసిన ప్లేటు వంక చూశారు.

"ఈయన సంగతి మీకు తెల్సు. ఈయన ముందట నేను ఏడ్వలేను, నాకంటే ముందు ఈయన పడిపోతడు. మీరు గూడ పడిపోతే నేనెవరి దగ్గర ఏడ్వాలె? ముందట ఏమున్నది తినడానికి?"

"టోస్టు."

"తినండి."

"నాకు భయంగా ఉందమ్మా" అన్నారు అంకుల్. ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు, అదే చివర.

"నాకు గూడ. తినుకుంట భయపడండి."

ఆయన టోస్టు తీసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు, పెదవులు కొంచెం కదిలాయి, కొరికారు.

"నాకు ఇనపడతలేదు" అంది సుజాత.

నేను ఫోన్ తీసి ఆయన గడ్డం దగ్గర పట్టుకున్నాను. ఎండిన టోస్టు కరకరలాడింది. నమిలి, కష్టంగా మింగి, మళ్ళీ కొరికారు. అప్పుడు ఫోన్‌లో సన్నగా మొదలైంది. రిచ్‌మండ్ హిల్‌లో మా వంటింట్లో ఒక్కతే నిలబడి సుజాత ఏడుస్తోంది. ఇన్నాళ్ళుగా ఏడవనిదంతా ఏడుస్తోంది. అంకుల్ నమలడం ఆపేశారు.

"ఆపకండి" అంది ఏడుస్తూనే.

ఆయన తిన్నారు. ఆమె ఏడ్చింది. మొదటిది అయిపోయాక రెండో టోస్టుకి వెన్న రాసి ఆయన చేతికిచ్చాను.